బడిలోంచి వచ్చిన శిక్షకుడు



ఒక వ్యాయామోపాధ్యాయుడి పేరిట స్మారకోపన్యాసం ఏర్పాటు చేయడం మన ప్రాంతంలో అరుదైన సంగతి. కవుల పేరిట, నాయకుల పేరిట, భూరి విరాళాలిచ్చిన దాతల పేరిట ఏటేటా సభలు జరుగుతాయి. గ్రౌండులో ఈలతో నిలబడి ముప్ఫై ఏళ్లు పిల్లల్ని పరుగెత్తించిన మనిషి పేరు సాధారణంగా ఆయన పదవీ విరమణ సభతోనే ఆగిపోతుంది. ఉయ్యూరు ఆ అలవాటు దాటినందుకు ముందుగా నా అభినందనలు. ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి గురించిన సొంత జ్ఞాపకాలు చెప్పే అర్హత నాకంటే ఈ సభలో చాలామందికి ఉంది. కాబట్టి ఆయన్ని గురించి కాక, ఆయన వృత్తిని గురించి మాట్లాడతాను. ఆ వృత్తి ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది, తెలుగు నేల మీద అది తాకిన అత్యున్నత శిఖరం ఏది, ఆ తర్వాత ఏమైంది అన్నది నా విషయం.

నేను నిలబెట్టదలచిన వాదం ఒక్కటే. ఆట నేర్పే పని చదువు చెప్పే పనిలో భాగంగా పుట్టింది. అది పెరిగింది కింది మెట్ల మీద: బడుల్లో, కళాశాలల్లో, పోలీసు జట్లలో, రైల్వే జట్లలో, జిల్లా లీగుల్లో. దేశం పేరు మోసే జట్టు ఆ పని ఫలితం మాత్రమే. ఆ పని జరిగే చోటు అది కాదు. శిక్షకుణ్ణి బడి నుంచి విడదీసిన చోటల్లా ఆట కొంతకాలం పాత పంట తిని బతికి, తర్వాత ఎండిపోయింది.

ఈ మాటకు నిదర్శనం కోసం ముందు మీ పొలిమేరల్లోకే వెళ్దాం. పక్కనున్న గండిగుంటలో పుట్టిన దండమూడి రాజగోపాలరావుగారు 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున బరువులెత్తారు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. 1963లో వచ్చిన నర్తనశాలలో భీముడిగా ఆయన్ని చూడని తెలుగువాడు ఆ తరంలో తక్కువ. ఇంత జ్ఞాపకం ఆయనకు దక్కడం న్యాయమే. అయితే బలం చూపించినవాడు మనకు గుర్తుండిపోతాడు, బలాన్ని క్రమంలో పెట్టడం నేర్పినవాడు గుర్తుండడు. ఈ తేడా మన ప్రభుత్వాల లెక్కల్లోనూ కనిపిస్తుంది. ఆటగాళ్లకు అర్జున పురస్కారం 1961లో మొదలైంది. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని రాలేదు. నడుమ ఇరవై నాలుగేళ్లు. ఆ వ్యవధిలో ఒక తరం శిక్షకులు వృత్తి ముగించుకుని వెళ్లిపోయారు. వారిలో అందరికంటే పెద్దవాడు హైదరాబాదు వాడు. ఆయన దగ్గరికి వచ్చేముందు మనం కొంచెం దూరం ప్రయాణం చేయాలి.

ఈ సభలో ఉన్న చాలా కుటుంబాల పిల్లలు అమెరికాలో ఉన్నారు. వారిని చూడటానికి వెళ్లినవాళ్లు అక్కడి విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ స్టేడియాలను చూసే ఉంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చునే చోటుంది. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని, భుజాలకు కవచాలు, తలకు శిరస్త్రాణం ధరించి ఆడే ఆట. దాన్ని రూపుదిద్దినవాడు యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ క్యాంప్. 1880లో ఆయన ప్రతిపాదన మీద బంతి ఎవరి దగ్గర ఉన్నదో స్పష్టంగా తేల్చే నియమం వచ్చింది. రెండేళ్ల తర్వాత నిర్ణీత ప్రయత్నాల్లో నిర్ణీత దూరం ముందుకు వెళ్లాలన్న నియమం వచ్చింది. పైకి చిన్న మార్పులు. కానీ వీటివల్ల ఆట ముక్కలు ముక్కలుగా తెగింది. ప్రతి ముక్కకూ ముందు ఒక విరామం. ఆ విరామంలో ఆలోచించడానికి, ఆజ్ఞాపించడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. అమెరికాలో శిక్షకుడి వృత్తి ఇంత పెద్దది కావడానికి మూలం ఆ విరామమేనని నా అభిప్రాయం.

ఆ వృత్తికి తొలి పెద్ద ఏమస్ అలొంజో స్టాగ్. 1890లో ఆయన మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలకు వెళ్లి అక్కడ ఫుట్‌బాల్ జట్టు తయారుచేశాడు. ఆ జట్టులో మధ్యస్థానంలో ఆడిన యువకుడు జేమ్స్ నైస్మిత్. ఆ నైస్మిత్ 1891 చలికాలంలో గదిలో ఆడుకునే ఆట ఒకటి కావాలని బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. 1892లో ఆ ఆట తొలి బహిరంగ ప్రదర్శనలో విద్యార్థుల చేతిలో ఉపాధ్యాయుల జట్టు 5-1తో ఓడింది. ఉపాధ్యాయుల తరఫున ఆ ఒక్కటీ వేసింది స్టాగ్. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన విలియం మోర్గన్ 1895లో హోలియోక్ పట్టణంలో వాలీబాల్‌కు శ్రీకారం చుట్టాడు. కృష్ణా డెల్టా పల్లెల్లో సంక్రాంతికి రామాలయం పక్క ఖాళీ స్థలంలో నెట్టు కట్టి ఆడే ఆట మూలం అక్కడుంది.

స్టాగ్ 1892లో షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఆయన్ని అక్కడ ఆటల పర్యవేక్షకుడిగా కాక ఆచార్యుల శ్రేణిలో నియమించారు. ఆ నియామకం నా వాదానికి కీలకం. గణితం చెప్పేవాడికి, లాటిన్ చెప్పేవాడికి ఉన్న హోదాయే ఆట నేర్పేవాడికీ ఇచ్చారన్నమాట. నలభై ఒక్క సీజన్లు అక్కడ పనిచేశాడు. డెబ్భై ఏళ్లు నిండాయని విశ్వవిద్యాలయం పంపించేస్తే, కాలిఫోర్నియాలో ఒక చిన్న కళాశాలకు వెళ్లి మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాడు. అక్కడా వయసు మీరిందన్నాక పెన్సిల్వేనియాలో కొడుకు నడిపే కళాశాల జట్టుకు సహాయకుడయ్యాడు. చివరికి ఒక జూనియర్ కళాశాలలో బంతిని తన్నే పిల్లలకు మెళకువలు చెబుతూ తొంభై ఆరో ఏట విరమించాడు. 1965లో నూటరెండేళ్ల వయసులో పోయాడు. పేరు పెరిగేకొద్దీ ఆయన పనిచేసే కళాశాల చిన్నదవుతూ వచ్చింది, ఆయన దాన్ని అవమానంగా తీసుకోలేదు. షికాగో విశ్వవిద్యాలయం 1939లో ఫుట్‌బాల్‌నే రద్దుచేసింది. ఆయన పేరున్న మైదానపు గ్యాలరీల కింద 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మి బృందం తొలి నియంత్రిత అణు శృంఖల చర్యను సాధించింది. చరిత్రకు ఇటువంటి మలుపులు ఇష్టం.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ విద్య మనదాకా ఒక మనిషి ద్వారా వచ్చింది. ఆయన హ్యారీ క్రో బక్. పెన్సిల్వేనియాలో పుట్టి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివి మద్రాసు వచ్చి, 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. తర్వాత సైదాపేటలో స్థిరపడింది ఆ కళాశాలే. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత క్రీడాకారులను వెంటబెట్టుకు వెళ్లినది కూడా ఆయనే. 1943లో మద్రాసులోనే కన్నుమూశాడు. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మన ప్రాంతపు హైస్కూళ్లలో, కళాశాలల్లో డ్రిల్లు మాస్టార్లుగా, ఫిజికల్ డైరెక్టర్లుగా చేరిన తొలి తరాల్లో సైదాపేటలో చదివి వచ్చినవారు ఎందరో. అప్పటిదాకా బళ్లలో డ్రిల్లు చెప్పేది ఎక్కువగా పటాలం నుంచి విరమించిన సిపాయిలు. వారికి కవాతు తెలుసు. పెరిగే పిల్లవాడి శరీరం గురించి, ఆటకూ మనసుకూ ఉన్న సంబంధం గురించి చదువుకున్నవాళ్లు వారి స్థానంలోకి వచ్చారు. స్టాగ్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి సైదాపేట, సైదాపేట నుంచి బందరు రోడ్డు: మీ మాస్టారి వృత్తికి ఉన్న వంశవృక్షం ఇది. అన్నిచోట్లా ఆ వృత్తి విద్యాలయం గోడల మధ్యే ఉందని గమనించండి.

ఇప్పుడు కృష్ణ ఒడ్డు నుంచి మూసీ ఒడ్డుకు వెళ్దాం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఎ. చదువుతూ కళాశాల జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. హైదరాబాదు ఫుట్‌బాల్ లోకం ఆయన్ని చివరిదాకా రహీం సాహెబ్ అనే పిలిచింది. అది దొరతనాన్ని చూసి పెట్టిన పేరు కాదు, పంతులుగారికి ఇచ్చిన మర్యాద. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి బాధ్యత తీసుకుని మరణించేదాకా మోశారు. అంటే లీగు నడపడం, టోర్నమెంట్లు పెట్టడం, రిఫరీలను వెతకడం, మైదానం అడగడం లాంటి పేరు రాని పనులన్నీ ఆయనవే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు.

ఆ జట్టు ఎటువంటిదో చెప్పకపోతే ఆయన ఘనత అర్థం కాదు. అది కలకత్తా క్లబ్బు కాదు. మోహన్ బగాన్‌కు, ఈస్ట్ బెంగాల్‌కు ఉన్న అభిమాన సేనలు, పత్రికలు, డబ్బు దానికి లేవు. ఒక పోలీసు శాఖ తన ఉద్యోగులతో నడుపుకునే జట్టు. శివకుమార్ లాల్ వంటి అధికారులకు ఆట మీద ఉన్న ప్రేమ దాని మూలధనం. అప్పటికి హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసి రెండేళ్లయినా పూర్తిగా గడవలేదు. నగరం పాత భయాల నుంచి తేరుకోలేదు. అటువంటి నగరంలో ముస్లింలు, ఆంగ్లో ఇండియన్లు, సికిందరాబాదు కంటోన్మెంటులో పెరిగిన తమిళులు, తెలుగువాళ్లు ఒకే మైదానంలో ఆడుతూ వచ్చారు. ఆ మైదానాల్లో తయారైన ఆటగాళ్లతో సిటీ పోలీసు 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఇంకోసారి. హైదరాబాదు రాష్ట్ర జట్టు 1956-57లో, 1957-58లో సంతోష్ ట్రోఫీ సాధించింది.

ఎలా సాధ్యమైంది? ఇక్కడే రహీం గారిలోని పంతులు కనిపిస్తారు. ఇందాక అమెరికా ఫుట్‌బాల్‌లో విరామం గురించి చెప్పాను. మన ఫుట్‌బాల్‌లో ఆ విరామం లేదు. ఈల మోగాక నలభై ఐదు నిమిషాలు ఆట తెంపు లేకుండా సాగుతుంది. ఆ కాలంలో దెబ్బ తగిలిన ఆటగాణ్ణి మార్చుకునే వెసులుబాటు కూడా దాదాపు లేనట్టే. ప్రపంచ కప్పులో ప్రత్యామ్నాయ ఆటగాళ్లను తొలిసారి 1970లో దించారు. కాబట్టి ఫుట్‌బాల్ శిక్షకుడు చేయగలిగినదంతా ఈల మోగకముందే చేసి ఉండాలి. పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఆగిపోయే పంతులు పరిస్థితి ఆయనది. ఏడాదంతా చెప్పిన పాఠం తప్ప ఆ రోజున ఆయన చేతిలో ఏమీ ఉండదు.

రహీం ఆ పాఠాన్ని అలవాటుగా మార్చే ఉపాయాలు కనిపెట్టారు. కుర్రాళ్లకు బంతిని కాళ్ల మధ్య తిప్పుతూ ఒంటరిగా దూసుకుపోవడం మోజు. అందుకని అలా తిప్పడం నిషిద్ధమైన టోర్నమెంట్లు పెట్టారు. బంతి వచ్చిందంటే ఒకటి రెండు తాకుళ్లలో ఇంకొకరికి అందించి తీరాలి. అందరూ కుడికాలినే నమ్ముకుంటారు. అందుకని బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో పోటీలు జరిపారు. వీటిలో గెలుపోటములకు విలువ లేదు. కాలికి, కంటికి, మెదడుకు కొత్త దారి వేయడం వాటి ఉద్దేశం. మైదానాన్ని ప్రయోగశాల చేసిన పని ఇది. ఉద్యోగం పోతుందన్న భయంతో ప్రతి ఆదివారం గెలవాల్సిన శిక్షకుడు ఇటువంటి ప్రయోగం చేయలేడు. బడి జీతం మీద బతికే మనిషికే ఆ తీరిక, ఆ తెగువ ఉంటాయి. కింది మెట్టు విలువ ఇదే: అక్కడ తప్పు చేసి నేర్చుకునే హక్కు ఉంటుంది.

తులసీదాస్ బలరాం కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రాడు. స్థానిక ఆటల్లో అతన్ని చూసి రహీం శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం వచ్చే స్తోమత అతనికి లేదు. రోజూ సైకిలు అద్దెకు డబ్బు రహీం ఇచ్చారు. ఆ బలరాం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా భయపడే హంగేరీ మీద గోలు చేశాడు. ఆ మ్యాచు 2-1 తేడాతో మాత్రమే పోయింది. బలరాం 2023 ఫిబ్రవరిలో చనిపోయేదాకా తన మొదటి గురువు ప్రస్తావన మానలేదు. సైకిలు అద్దె ఏ శాఖ లెక్కల్లోనూ రాదు. ఉపాధ్యాయ వృత్తిలో మాత్రం అటువంటి ఖర్చు లేనివాళ్లు తక్కువ.

దేశపు జట్టు దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో జాతీయ శిక్షకుడి పదవి ఏడాది పొడవునా ఉండే ఉద్యోగం కాదు. పెద్ద పోటీకి ముందు శిబిరం పెట్టేవారు, అది ముగియగానే అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లేవారు. 1951 మార్చిలో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే రహీం శిక్షణలోని జట్టు, ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఓటమికి కారణాలు వెతకడంలో ఆయన ఉద్వేగపడలేదు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. అదే హెల్సింకీలో హంగేరీ ఆడిన తీరు ఆయన శ్రద్ధగా చూశారు. సెంటర్ ఫార్వర్డును వెనక్కి జరిపి ప్రత్యర్థి రక్షణను తికమకపెట్టే ఆ పద్ధతిని మన ఆటగాళ్ల శరీరాలకు, వేగానికి తగ్గట్టు మార్చుకున్నారు.

ఫలితం నాలుగేళ్లకు వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 1న, మెల్బోర్న్‌లో భారత్ ఆతిథేయి ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. అప్పటికి ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన ఆసియా దేశం వేరొకటి లేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్, లతీఫ్, సలాం, జుల్ఫిఖారుద్దీన్, బలరాం: ఇలా హైదరాబాదు మైదానాల్లో మెరుగుపడ్డవాళ్లే అరడజను మందికి తక్కువ లేరు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే, కానీ 4-1తో ఓడాం. కాంస్య పోటీలో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. భారత ఫుట్‌బాల్ నేటికీ ఆ మెట్టు మళ్లీ ఎక్కలేదు. కొత్త రాష్ట్రం పుట్టిన నెలకే ఆ రాష్ట్ర రాజధాని బడిపంతులు ఒకాయన దేశాన్ని అంత ఎత్తుకు తీసుకెళ్లాడన్న సంగతి మన రాష్ట్రావతరణ దినోత్సవ ప్రసంగాల్లో నేను ఎన్నడూ వినలేదు.

1962లో ఆసియా క్రీడలకు జకార్తా వెళ్లేనాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. తొలి మ్యాచులో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. రక్షణ వరుసలోని జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరుసకు జరిపారు. సెప్టెంబరు 4న ఫైనల్ మళ్లీ దక్షిణ కొరియాతో. రాజకీయ కారణాల వల్ల భారత్ మీద కోపంగా ఉన్న లక్షమంది జనం మధ్య ఆ మ్యాచు జరిగింది. పి.కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ ఒకటి. 2-1. ముందు వరుసకు జరిపిన డిఫెండరు గోలు చేశాడంటే అది అదృష్టమని కొందరంటారు. ఆటగాడు రెండు కాళ్లతో, ఏ స్థానంలోనైనా ఆలోచించడం నేర్చుకోవాలని పదేళ్లుగా పట్టుబట్టిన శిక్షకుడి విషయంలో ఆ మాట నిలవదు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, యాభై మూడేళ్ల వయసులో రహీం మరణించారు. 2024లో ఆయన మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అరవై ఏళ్లు పట్టిందన్నమాట.

ఆయన పోయాక హైదరాబాదు ఫుట్‌బాల్ వెంటనే కూలలేదు. నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ వంటి మేటి ఆటగాళ్లు వచ్చారు. నయీముద్దీన్ 1990లో ద్రోణాచార్య కూడా అందుకున్నారు. కానీ వాళ్ల వృత్తి జీవితాలు ఎక్కువగా కలకత్తాలో గడిచాయి. క్రమంగా పోలీసు శాఖకు ఆట మీద శ్రద్ధ తగ్గింది, మైదానాలు భవనాల కిందికి పోయాయి, టెలివిజన్ వచ్చి క్రికెట్‌ను ఇంటింటికీ తెచ్చింది. సాధారణంగా చెప్పే కారణాలు ఇవి. వీటిని నేను కాదనను. అయితే అసలు కారణం ఇంకొకటని అనుకుంటాను. రహీం స్థానంలో ఇంకొక శిక్షకుణ్ణి పెట్టవచ్చు. బడిలో పాఠం చెబుతూ, సాయంత్రం పోలీసు జట్టుకు శిక్షణ ఇస్తూ, రాత్రి లీగు లెక్కలు రాస్తూ ఉండే మనిషిని తయారుచేసే ఏర్పాటు మాత్రం ఆయనతోనే పోయింది. 1961లో పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ మొదలైంది. శిక్షకులకు పద్ధతైన చదువు దొరికింది, అది మంచిదే. దానితోపాటు శిక్షకుడు వేరు, బడి మాస్టారు వేరు అన్న విభజన కూడా స్థిరపడింది. ఒకరు క్రీడాప్రాధికార సంస్థ ఉద్యోగి, ఇంకొకరు విద్యాశాఖ ఉద్యోగి. పిల్లవాడు ఇద్దరి మధ్యా పడ్డాడు.

అమెరికా ఈ విషయంలో మనకు ఆదర్శమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం తీసుకునేది విశ్వవిద్యాలయ ఆటల శిక్షకుడే, గవర్నరు కాదు. స్టాగ్‌కు ఇచ్చిన ఆచార్య హోదా అలా వక్రించింది. కానీ ఆ వైభవం అడుగున ఇంకొక పొర ఉంది. క్రీడా ఉపకార వేతనాలే ఇవ్వని చిన్న కళాశాలల్లో శిక్షకులు ఇప్పటికీ తరగతులు చెబుతూ, ఎండాకాలంలో మైదానపు గీతలు తామే గీసుకుంటూ ఉంటారు. ఇంకా కింద చిన్న లీగుల జట్లు ఉంటాయి. రెండు సీజన్లు ఆడి దివాలా తీసేవే వాటిలో ఎక్కువ. ఆ పొరలోంచే పెద్దవాళ్లు వచ్చారు. అమెరికా ఫుట్‌బాల్ అత్యున్నత పోటీ సూపర్ బౌల్ విజేతకు ఇచ్చే ట్రోఫీ మీద ఉన్న పేరు విన్స్ లొంబార్డీది. ఆయన 1939 నుంచి ఎనిమిదేళ్లు న్యూజెర్సీలోని ఒక చర్చి హైస్కూల్లో లాటిన్, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం చెబుతూ జట్టును నడిపాడు. ఆ ఆట తీరునే మార్చిన బిల్ వాల్ష్ 1967లో కాంటినెంటల్ లీగ్ అనే చిన్న లీగులో శాన్ హోజే జట్టుకు శిక్షకుడు. ఆ లీగు 1969తో మూతపడింది. వాల్ష్ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో జట్టుతో మూడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. లొంబార్డీని, రహీంను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆశ్చర్యం తగ్గుతుంది, నమ్మకం పెరుగుతుంది. ఇద్దరూ బడిలోంచి వచ్చారు. ఒకే అంశాన్ని నలభై రకాలుగా చెప్పి, వెనక బెంచీ కుర్రాడికి కూడా అర్థమయ్యేదాకా వదలని అలవాటు ఇద్దరికీ బడి నేర్పింది.

మన దగ్గర ఆ పొర ఇంకా పూర్తిగా చావలేదు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచినప్పుడు దాని వేళ్లు శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్నగారి వ్యాయామశాలలో ఉన్నాయి. విజయవాడలో విలువిద్యను పెంచిన కుటుంబం చెరుకూరి సత్యనారాయణగారిది. ఆయన కుమారుడు లెనిన్ స్వయంగా విలుకాడు, శిక్షకుడు. 2010లో చిన్న వయసులోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. అయినా ఆ కుటుంబం నడిపే విలువిద్య అకాడమీ ఆగలేదు. వీళ్లెవరూ పెద్ద సంస్థల నీడలో పెరిగినవాళ్లు కారు.

అయితే అదే విజయవాడ ఇంకొక దానికి కూడా రాజధాని. ఆటస్థలం అనే మాట ప్రాస్పెక్టస్‌లో తప్ప ఇంకెక్కడా కనిపించని ఇంటర్మీడియట్ కళాశాలలు, వాటి హాస్టళ్లు ఈ బందరు రోడ్డు పొడవునా, చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నాయి. పదహారు, పదిహేడేళ్ల వయసు ఆటగాడి శరీరం కుదురుకునే వయసు. సరిగ్గా ఆ రెండేళ్లు మన పిల్లల్ని నాలుగో అంతస్తులో తాళం వేసి ఉంచుతున్నాం. పదో తరగతి దాకా పి.ఇ.టి. మాస్టారు తీర్చిదిద్దిన పిల్ల అక్కడితో తెగిపోతుంది. డిగ్రీ కళాశాల ఫిజికల్ డైరెక్టరు చేతికి వచ్చేది రెండేళ్లు పరుగెత్తడం మానేసిన శరీరం. విశ్వవిద్యాలయాల అంతర్ కళాశాల పోటీల స్థాయి ఎందుకు పడిపోయిందని కమిటీలు వేయనక్కరలేదు. కింది మెట్టుకూ నడిమి మెట్టుకూ మధ్య రెండు మెట్లు తీసేసి, కిందివాళ్లు పైకి రాలేదని ఆశ్చర్యపోతున్నాం. ఖాళీగా ఉన్న వ్యాయామోపాధ్యాయ పోస్టులు భర్తీ చేయమని అడగడం న్యాయమే, అడగాలి. కానీ ఇంటర్మీడియట్‌లో మైదానం లేకుండా గుర్తింపు ఇవ్వకూడదన్న నిబంధనను కాగితం మీద నుంచి నేల మీదికి దింపకపోతే ఆ పోస్టులు నింపినా ప్రయోజనం సగమే.

చివరగా ఈ సభ నిర్వాహకులకు ఒక ప్రతిపాదన. మన బడుల్లో, కళాశాలల్లో పాత జట్ల గ్రూపు ఫొటోలు వందల సంఖ్యలో ఉన్నాయి. ప్రిన్సిపాలు గది గోడల మీద, స్టోర్ రూముల్లో చెదలు పడుతూ, ఆటగాళ్ల ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. వాటి కింద కూర్చున్నవారు, నిలుచున్నవారు అని ఆటగాళ్ల పేర్లు వరుసగా రాసి ఉంటాయి. మాస్టారి దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల పి.డి. అన్న రెండక్షరాలే ఉంటాయి. ఉయ్యూరు, పామర్రు, కంకిపాడు, పెనమలూరు మండలాల్లోని ఉన్నత పాఠశాలల నుంచి మొదలుపెట్టి ఆ ఫొటోలు సేకరించి, అప్పటి ఆటగాళ్లు బతికి ఉండగానే ఆ మాస్టార్ల పేర్లు, వాళ్లు ఎక్కడ చదివారు, ఏయే ఊళ్లలో పనిచేశారు, ఏ ఆట నేర్పారు అన్న వివరాలు రాయించి, కళాశాల గ్రంథాలయంలో ఒక రిజిస్టరుగా ఉంచండి. చరిత్ర శాఖ, వ్యాయామ విద్యా శాఖ కలిసి చేయవలసిన పని ఇది, ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఊళ్లు తిరగగలరు. ముందు వరుసలో కూర్చున్న మాస్టారి పాత శిష్యులు తలుచుకుంటే మొదటి పేజీలు ఈ సాయంత్రమే నిండుతాయి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మాట్లాడేవారికి నాలాగా హైదరాబాదు దాకా వెళ్లే అవసరం ఉండదు.